పది నిమిషాల రబ్బరు బిళ్ళ

ఉన్నదానితో తృప్తిపడమని పెద్దలు చెప్పారు. కత్తికి సాన పట్టించమనీ ఆ పెద్దలే చెప్పారు. ఈ రెండింట్లో ఏది ఎప్పుడు పాటించాలన్న సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. బాగానే నడుస్తున్న వస్తువును ఇంకా బాగా నడిపించాలనుకోవడం శ్రద్ధా, అత్యాశా? దేవుడి ముందు నిలబడి అడిగి చూశాను. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో ఊరుకున్నాడు. అందుకని మా వీధిలో జరిగిన ఒక సంగతి చెప్పి నేనూ ఊరుకుంటాను.

మా వీధిలో ఒకాయనను అందరూ పదినిమిషాలాయన అంటారు. ఏ పని అప్పగించినా "ఎంత, పది నిమిషాలు" అంటాడు. అంత చురుకైనవాడిని కాబట్టే ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. ఆయన వృత్తి గడ్డి కోయడం. భుజానికి పట్టీతో తగిలించుకునే పెట్రోలు మిషన్ ఒకటి ఉంది. పొడుగాటి గొట్టానికి ఒక చివర చిన్న ఇంజను, ఇంకో చివర గిర్రున తిరిగే నైలాన్ తాడు. దానితో నెలకు రెండుసార్లు మూడు చోట్ల గడ్డి కోస్తాడు. వాటిలో పెద్దది లైబ్రరీ. ఇంటి ఖర్చులో సగం ఆ లైబ్రరీ పచ్చికలోంచే వస్తుంది.

అలాంటి చోటికి వరసగా రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాడు. లైబ్రేరియనమ్మ గొంతు పెంచే మనిషి కాదు. చేసే ఉద్యోగం అలాంటిది. మెల్లగానే అంది. "శనివారం పదకొండింటికి కమిటీవాళ్ళు వస్తున్నారండీ. అప్పటికి గడ్డి కోసి ఉంటే వచ్చే ఏడాది కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టిస్తాను. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాం. ఏమీ అనుకోకండి."

గొంతు పెంచి తిట్టేవాళ్ళు మర్చిపోతారు, మెల్లగా చెప్పేవాళ్ళు చేసి చూపిస్తారు. ఆ సంగతి పదినిమిషాలాయన భార్యకు తెలుసు. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. శుక్రవారం సాయంత్రం మిషన్ ఆపి మరీ చెప్పింది.

"రేపు లైబ్రరీ పని అయ్యేదాకా ఆ గడ్డి మిషన్‌ని విప్పనని మాటివ్వండి."

"నేనెందుకు విప్పుతాను?"

"మా తమ్ముడు మీకేదో పొట్లం ఇవ్వడం చూశాను కాబట్టి."

"అది ఊరికే చూడమని ఇచ్చాడు. విప్పను. సరేనా?"

ఆ తమ్ముడు, అంటే పదినిమిషాలాయన బావమరిది, మిషన్ల విడిభాగాలమ్మే షాపులో పనిచేస్తాడు. పొట్లంలో ఉన్నది ఒక రబ్బరు బిళ్ళ. దాని కథ కాస్త చెప్పాలి.

ఇలాంటి చిన్న ఇంజన్లలో కార్బురేటర్ అగ్గిపెట్టె అంత ఉంటుంది. దాని లోపల సీసా మూతంత పల్చటి రబ్బరు పొర ఉంటుంది. డయాఫ్రమ్ అంటారు. ఇంజను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ పొర లోపలికీ బయటికీ కదులుతుంది. దాని కదలికను బట్టి పెట్రోలు చుక్కచుక్కగా దిగుతుంది. ఏళ్ళ తరబడి పెట్రోలు తగిలి తగిలి ఆ రబ్బరు బిరుసెక్కుతుంది. మనుషుల్లో కొందరిలాగే, బిరుసెక్కాక వంగదు. వంగకపోతే పని జరగదు. ఇప్పుడు పెట్రోలుకు లొంగని కొత్తరకం రబ్బరుతో ఈ బిళ్ళలు వస్తున్నాయి. ధర మామూలుదానికి మూడింతలు.

"బావా, ఇది వేశావంటే ఒక్క లాగుకి స్టార్టవుతుంది. రాసిస్తాను కావాలంటే" అన్నాడు బావమరిది.

ఒక్క లాగు. ఆ మాట పదినిమిషాలాయన గుండెకు తగిలింది. ఎందుకంటే ఇంజను తాడు పట్టుకుని మూడు లాగులు లాగితే గానీ ఆయన మిషన్ అందుకోదు. మూడు పెద్ద లెక్క కాదు. కానీ లైబ్రరీ కిటికీ పక్కన ఒక పెద్దమనిషి రోజూ కూర్చుంటాడు. ఈయన తాడు లాగినప్పుడల్లా పుస్తకం దించి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, పెదవులు కదిలించకుండా లెక్కపెడతాడు. మూడోది అయ్యాక మళ్ళీ పుస్తకం ఎత్తుతాడు. ఆ పుస్తకం దించడం, ఎత్తడం పదినిమిషాలాయనకు రెండేళ్ళుగా నిద్రలో కూడా కనిపిస్తోంది. రేపు కమిటీ వచ్చే రోజున ఆ పుస్తకం ఒక్క లాగుకే తిరిగి లేవాలి. అదే ఆయన కోరిక.

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఆయన వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. పది నిమిషాల్లో బిళ్ళ మార్చడం. ఎనిమిదిన్నరకు బయలుదేరడం. పదింటికల్లా కోత ముగించడం. భార్య ముందుగదిలో ఎవరిదో చొక్కా కుడుతోంది. మిషన్ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆవిడ లేవదని ఆయనకు తెలుసు. వెనకగదిలో బల్ల మీద ఆ రోజు పేపరు పరిచి, కార్బురేటర్ ఊడదీసి, మరలు విప్పి, మూత తీశాడు. పాత బిళ్ళను బయటికి తీసి గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. శుభ్రత విషయంలో ఆయనకు వంక పెట్టలేం. పేపరు మీద ఎడమవైపు కొత్త బిళ్ళ, కుడివైపు పాత బిళ్ళ పెట్టాడు. రెండూ నలుపే, రెండూ ఒకటే కొలత. బిళ్ళతోబాటు లోపల ఉండే కాగితపు పొరను మధ్యలో పెట్టాడు. ఏది ముందు వేయాలో గుర్తు రాక, ఫోను తీసుకుని వెనక వరండాలోకి వెళ్ళి బావమరిదికి చేశాడు.

"రబ్బరు ముందా, కాగితం ముందా?"

"రబ్బరు ముందు బావా. దాని మీద కాగితం. దాని మీద మూత."

"గట్టిగా తెలుసా?"

"రోజుకి నలభై అమ్ముతాను, నాకు తెలీదా?"

"అమ్మడం సరే. ఎప్పుడైనా వేశావా?"

"చెప్పులషాపువాడు అందరి చెప్పులూ వేసుకుని చూస్తాడా బావా?"

అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కార్బురేటర్‌కు రెండు పక్కలా ఇలాంటి పొరలుంటాయి. ఒక పక్క రబ్బరు ముందు, రెండో పక్క కాగితం ముందు. బావమరిది ఎక్కడో చదివి గుర్తుపెట్టుకున్నది ఒక పక్క సంగతి. బావ విప్పింది రెండో పక్క.

ఈ మాటలు నడుస్తుండగా వెనకగదిలోకి అత్తగారు వచ్చింది. కూతురి దగ్గరే ఉంటుందావిడ. పేపరు ఎక్కడ కనిపించినా చదవకుండా వదలదు. బల్లకు అవతలి పక్క నిలబడితే అక్షరాలు తలకిందులుగా కనిపించాయి. అల్లుడి సామాను ఒక్కటి కూడా కదలకుండా, పళ్ళెం తిప్పినట్టు పేపరును జాగ్రత్తగా సగం చుట్టు తిప్పి, తనకు కావలసిన నాలుగు వాక్యాలు చదువుకుని, అలాగే వదిలి వెళ్ళిపోయింది.

పదినిమిషాలాయన తిరిగి వచ్చి, ఎడమవైపున్న బిళ్ళను తీసి కార్బురేటర్‌లో పెట్టాడు. దాని మీద కాగితం. దాని మీద మూత. మరలు బిగించాడు. రెండో బిళ్ళను పాతదే కదా అని పారేయబోయి, ఏ వస్తువునూ పారేయకూడదన్న నియమం గుర్తొచ్చి, అరలో ఉన్న భార్య గుండీల డబ్బాలో వేశాడు. కళ్ళజోడు మాత్రం అప్పటిదాకా చొక్కా జేబులోనే ఉంది.

వరండాలో మిషన్‌ను నిలబెట్టి తాడు లాగాడు. పలకలేదు. ఒక్క లాగుకి కాకపోతే పోనీ, రెండు. రెండుకీ లేదు. మూడుకీ లేదు. నాలుగో లాగుకి దేవుణ్ణి తలుచుకున్నాడు. పదో లాగుకి దేవుడితో బేరం మొదలుపెట్టాడు. పెట్రోలు అందడం లేదేమో అనుకుని, పెట్రోలు పంపే ప్లాస్టిక్ బుడగను ఇరవైసార్లు నొక్కాడు. నిజానికి లోపల అందాల్సినదానికంటే పదింతలు అందుతోంది. కాగితం ఉండాల్సిన చోట రబ్బరు కూర్చుని, పెట్రోలు దారికి అడ్డుండే తలుపును తెరిచి పట్టుకుంది. నొక్కిన కొద్దీ పెట్రోలు ఇంజను నిండి, బయటికి కారి, ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, వరండా గచ్చు మీదుగా వంటింటి కిటికీ కిందికి చేరింది.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారూ, ఏదో వాసన వస్తోంది."

ముందుగదిలో కుట్టుమిషన్ ఆగింది. పదినిమిషాలాయన గుండె కూడా ఒక క్షణం ఆగింది. మిషన్ విప్పనని మాటిచ్చి ఇరవై నాలుగు గంటలు కాలేదు.

"నాకేం రావట్లేదే అత్తయ్యగారూ" అన్నాడు.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

అత్తగారు అల్లుడి మాటను శంకించే మనిషి కాదు. అల్లుడు పెట్రోలుతో బతికే మనిషి. పెట్రోలు వాసన అయితే ఆయన పోల్చకుండా ఉంటాడా? కాబట్టి ఇది పెట్రోలు కాదు. పెట్రోలు కాకపోతే గ్యాసే. ఆవిడ పొయ్యి కట్టేసి, సిలిండరు తిప్పేసి, కిటికీలు తీసి, పైఅంతస్తులో ఉండే టీచరమ్మను కేకేసింది.

"అమ్మా, మీ పొయ్యి కట్టేయండి! గ్యాసు లీకవుతోంది. మా అల్లుడికి వాసన కూడా తెలియడం లేదు!"

టీచరమ్మ చదువుకున్న మనిషి. గ్యాసు ఎక్కువసేపు పీలిస్తే మనిషికి వాసన తెలియకుండా పోతుందని ఎక్కడో చదివింది. కాబట్టి కింద ఆ మనిషి ప్రమాదంలో ఉన్నాడు. పొయ్యి కట్టేసి, గ్యాసు ఆఫీసుకు ఫోను చేసి, "ఒకాయనకి అప్పుడే స్పర్శ పోతోంది" అని చెప్పింది. వాసన అనబోయి కంగారులో స్పర్శ అంది. గ్యాసు ఆఫీసువాళ్ళకు తొందర పుట్టడానికి అది చాలు.

పావుగంటలో గ్యాసాయన వచ్చాడు. చేతిలో చిన్న యంత్రం, ఛాతీ మీద బ్యాడ్జీ, ముఖంలో రూల్సు. గుమ్మంలో అడుగుపెట్టగానే యంత్రం కీచుమంది.

"అందరూ బయటికి నడవండి. పైవాళ్ళు, పక్కవాళ్ళు కూడా. నేను చెప్పేదాకా ఎవరూ లోపలికి రాకూడదు."

"బాబూ, నా మిషన్ వరండాలో ఉంది. దాన్ని తెచ్చుకుంటాను. పది నిమిషాలు" అన్నాడు పదినిమిషాలాయన.

"సార్, మీకు మిషన్ ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?"

ఆ రోజున ఆయనకు రెండూ ఒకటే. కానీ అది చెప్పుకోలేక వీధిలోకి నడిచాడు. తొమ్మిదింబావయింది. వీధి వీధంతా బయటికి వచ్చి నిలబడింది. కొందరు సగం గీసిన గడ్డాలతో, ఒకావిడ తడి జుట్టుతో. టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా గిల్లి, "నొప్పి తెలుస్తోందా?" అని అడిగింది. తెలుస్తోందన్నాడు. ఆవిడ నమ్మలేదు. ఇంకాస్త గట్టిగా గిల్లింది.

లోపల గ్యాసాయన వంటిల్లంతా వెతికాడు. సిలిండరు దగ్గర యంత్రం నోరు మెదపలేదు. పొయ్యి దగ్గర మెదపలేదు. కిటికీ దగ్గర మాత్రం గునిసింది. ఆయన తల గోక్కుంటూ బయటికి వచ్చి, ఇంటావిడతో మాట్లాడదామని జనం మధ్యకు నడిచాడు. నడుస్తున్న కొద్దీ యంత్రం గొంతు పెరిగింది. టీచరమ్మను దాటాక ఇంకా పెరిగింది. పదినిమిషాలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. యంత్రం తగ్గింది. గ్యాసాయన రెండడుగులు ముందుకు వేశాడు. యంత్రం పెరిగింది. చివరికి దాన్ని ఆయన మోకాళ్ళ దగ్గరికి దించేసరికి అది పసిపిల్లాడిలా గుక్కపట్టి ఏడ్చింది.

వీధంతా ఆ మోకాళ్ళ వైపే చూసింది.

"సార్," అన్నాడు గ్యాసాయన, "మీ ప్యాంటు లీకవుతోంది."

భార్య ముందుకు వచ్చింది. కేకలేమీ వేయలేదు. లైబ్రేరియనమ్మ లాగే మెల్లగా అడిగింది. "విప్పారా?"

"కొంచెం."

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనండీ. పైగా పెట్రోలు పోసుకుని మరీ గోక్కున్నారు. టైమెంత?"

"తొమ్మిదిన్నర."

"నడుస్తుందా అది?"

ఆయన తడిసిన ప్యాంటు వైపు చూసుకున్నాడు. గ్యాసాయన వరండాలో నీళ్ళు కొట్టించి, మిషన్‌ను దూరంగా పట్టుకుని తెచ్చి, దాన్ని ఇంట్లో ఉంచకూడదని చెప్పి ఆయన చేతికిచ్చాడు. ఇంతలో అక్క ఫోను చేయడంతో బావమరిది కూడా స్కూటరు మీద వచ్చిపడ్డాడు.

"మూలమీదే రంపాల మెకానిక్ ఉన్నాడుగా, పదండి" అంది భార్య.

పదినిమిషాలాయన కదల్లేదు. "ఇంకో మెకానిక్ ఉన్నాడు, కాస్త దూరంలో..."

"గంటన్నరలో కమిటీ వస్తుంటే దూరమేమిటి? ఆ మెకానిక్ పేరెత్తితే చాలు, ముఖం అదోలా పెడతారు. లైబ్రరీకి కూడా ఆ దారి మానేసి ఊరు చుట్టి పోతారు. ఏం తిన్నారు ఆయనది?"

తిన్నదేమీ లేదు. తెచ్చుకున్నది మాత్రం ఉంది. ఎనిమిదేళ్ళ కింద ఒక సెలవురోజున ఈ మిషన్‌లో రబ్బరు బిళ్ళ చిరిగిపోయింది. విడిభాగాల షాపులు తీయలేదు. అప్పుడు రంపాల మెకానిక్ తన సొంత మోటారు రంపం కార్బురేటర్ విప్పి, అందులోని బిళ్ళ తీసి ఇచ్చాడు. "షాపు తీయగానే పది నిమిషాల్లో కొత్తది తెచ్చిస్తాను బాబాయ్" అని చెప్పి వచ్చాడు పదినిమిషాలాయన. మొదటి వారం మర్చిపోయాడు. రెండో వారం తీరలేదు. మొదటి నెల దాటాక సిగ్గేసింది. ఏడాది దాటాక దారి మార్చాడు. చిన్న బాకీలకు ఉన్న చెడ్డగుణం ఇదే. పెద్ద బాకీ అయితే అవతలివాళ్ళు వచ్చి అడుగుతారు. చిన్నది మనమే మోయాలి.

ఇదంతా భార్యకు చెప్పే వ్యవధి లేదు. ఆవిడ అప్పటికే మిషన్‌కు రెండో కొస పట్టుకుని నడుస్తోంది. వెనక బావమరిది, వాడి వెనక యంత్రంతో గ్యాసాయన, ఆయన వెనక చేసే పనేమీ లేక సగం వీధి.

మెకానిక్‌కు డెబ్బై దాటాయి. పదినిమిషాలాయనను చూసి, మిషన్‌ను బల్ల మీదికి తీసుకున్నాడు. ఎనిమిదేళ్ళ మాట ఎత్తలేదు. "ఎప్పుడు కావాలి?" అని మాత్రం అడిగాడు.

"పదింటికల్లా లైబ్రరీలో ఉండాలి బాబాయ్."

ముసలాయన మూత విప్పాడు. "ఈ కాగితాన్ని పైన వేసిన మహానుభావుడెవరు?"

పదినిమిషాలాయన బావమరిదిని చూశాడు. బావమరిది ఆకాశాన్ని చూశాడు.

ముసలాయన రబ్బరు బిళ్ళను తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. అంచును వేలితో తడిమాడు. ఒకసారి పదినిమిషాలాయన ముఖంలోకి, ఒకసారి బావమరిది ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. ఆ చూపు పాత బాకీ గురించేనని పదినిమిషాలాయన చెవులు వేడెక్కాయి. తరవాత ముసలాయన సూదితో లోపల గోరంత జల్లెడను ఊడదీసి, దాన్నిండా పేరుకున్న నలుసులు దులిపి, నోటితో ఊది, ముందు కాగితం, దాని మీద రబ్బరు, దాని మీద మూత పెట్టి బిగించాడు. ఇంజనులో నిండిన పెట్రోలు వంచేసి, ప్లగ్గు ఆరబెట్టి, తాడు చేతికిచ్చాడు.

"లాగు."

ఒక్క లాగు. మిషన్ అందుకుంది. అందుకోవడమంటే మామూలుగా కాదు, దుప్పటి లాగితే లేచిన పిల్లాడిలా దిగ్గున లేచింది.

బావమరిది ఆకాశంలోంచి దిగి వచ్చాడు. "చూశావా బావా! చూశారా అందరూ! కాగితం సంగతి సరే, సరుకు చూడండి! అప్‌గ్రేడ్ అంటే ఇదీ!"

"మా ఇంట్లో కూడా గడ్డి మిషన్ ఉంది. నాలుగు లాగులు పడుతుంది" అన్నాడు గ్యాసాయన.

"మీకొకటి రాసుకుంటాను సార్. ఇంకెవరికి?"

మెకానిక్ షాపు ముందే ఆరుగురు పేర్లు రాయించారు. వాళ్ళలో ఇద్దరికి మిషనే లేదు. కొనే ఆలోచన ఉందట. ముసలాయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వింటూ కూర్చున్నాడు.

పదింటికి పది నిమిషాలుండగా పదినిమిషాలాయన బయలుదేరాడు. దగ్గర దారి కాబట్టి పదింటికల్లా లైబ్రరీలో ఉన్నాడు. కిటికీ పక్కన పెద్దమనిషి కూర్చునే ఉన్నాడు. మిషన్ చప్పుడు చేయకముందే పుస్తకం దించి సిద్ధమయ్యాడు. ఈయన తాడు లాగాడు. ఒక్కటే. పెద్దమనిషి ఇంకా రెండింటి కోసం ఎదురుచూశాడు. రావని తెలిశాక, కాస్త వెలితిగానే పుస్తకం ఎత్తాడు. పదకొండుకు ఐదు నిమిషాలుండగా పచ్చిక దువ్విన తలలా తయారైంది. కమిటీవాళ్ళు దాని మీంచే నడిచి లోపలికి వెళ్ళారు; ఎవరూ కిందికి చూడలేదు. లైబ్రేరియనమ్మ కాగితం తెచ్చి, సంతకం చూపించి, మెల్లగా అంది. "ఇవాళ అంతా బాగుంది. కానీ ఏదో పెట్రోలు వాసన వస్తోందండీ."

"నా ప్యాంటేనమ్మా" అన్నాడు పదినిమిషాలాయన. ఆ రోజుకి ఆయన మొదటిసారి పూర్తి నిజం ఒప్పుకుంది అప్పుడే.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి భార్య గుండీల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. "నా గుండీల్లో ఈ రబ్బరు బిళ్ళేమిటండీ?"

"అది పాతది. పారేయలేక అందులో వేశాను."

"పాతదా? కొత్త చెప్పులా మెరుస్తోంది."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. బిళ్ళ అంచు చుట్టూ సన్నటి తెల్ల అక్షరాలు, ఒక్కటీ చెరగకుండా ఉన్నాయి. పెట్రోలు మొహం చూడని బిళ్ళ అది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎడమది కొత్తది, కుడిది పాతది. నేనే పెట్టాను" అని గొణిగాడు.

"పేపరు మీద పెట్టినవా?" అంది అత్తగారు లోపలినుంచి. "నేను చదువుకోవడానికి తిప్పాను కదా నాయనా. సామాను మాత్రం కదల్చలేదు."

భార్య ముందు బిళ్ళను చూసింది, తరవాత తల్లిని, ఆ తరవాత భర్తను. "అంటే పొద్దున్నించీ మీరు విప్పి, మళ్ళీ ఉన్నదే వేశారు."

"అవును."

"దానికి వీధంతా బయట నిలబడింది."

"అవును."

"ఇంకా నయం, మా తమ్ముడి సరుకు నిజంగా వేసుంటే ఊరు ఖాళీ చేయించేవారు."

పదినిమిషాలాయన ప్యాంటు మార్చుకుని, బిళ్ళను కాగితంలో చుట్టుకుని, ఎనిమిదేళ్ళ తరవాత ఎవరూ తొయ్యకుండా తనంతట తానే మూలమీది షాపుకు నడిచాడు. పొద్దున కంగారులో ఆయన చూడనిది ఒకటి ఇప్పుడు కనిపించింది. షాపులో వెనకగోడకు మేకు మీద ఒక మోటారు రంపం వేలాడుతోంది. దాని కార్బురేటర్ మూత విప్పే ఉంది. మరలు చిన్న సంచిలో కట్టి పక్కనే వేలాడదీసి ఉన్నాయి. పైన గోడ మీద, టైర్లకు గుర్తు పెట్టే పసుపు సుద్దతో రాసిన అక్షరాలు: "పది నిమిషాలు."

ఆ షాపుకు ఎనిమిదేళ్ళుగా వీధిలోవాళ్ళంతా వస్తూ పోతూనే ఉన్నారు. తన పేరు ఎక్కడినుంచి వచ్చిందో పదినిమిషాలాయనకు అప్పుడు తెలిసింది.

"బాబాయ్," అన్నాడు, "నీ బిళ్ళ తెచ్చాను."

ముసలాయన విప్పి చూశాడు. "నేనిచ్చింది మామూలుది."

"ఇది మంచిరకం. తీసుకో. నీది నా మిషన్‌లోనే ఉండిపోయింది."

"తెలుసు. నేను తీసిన ప్రతి బిళ్ళకీ అంచున మేకుతో చిన్న గాటు పెడతాను. పొద్దున చూశాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీ బావమరిది అంత సంతోషంగా ఉంటే, మధ్యలో నేనెందుకు?"

పదినిమిషాలాయన మనసులోది అడిగేశాడు. "ఇన్నేళ్ళూ ఇంకో బిళ్ళ వేసుకుని రంపం వాడుకోవచ్చు కదా బాబాయ్?"

"నువ్వు తెస్తానన్నావు కదా" అన్నాడు ముసలాయన, అందులో అడగడానికేముందన్నట్టు.

ఆయన రంపం దించి, దుమ్ము దులిపి, జల్లెడ ఊది, కాగితం, బిళ్ళ, మూత వరసగా పెట్టాడు. పదినిమిషాలాయన ఇంకో ప్రశ్న ఆపుకోలేకపోయాడు. "నిజం చెప్పు బాబాయ్. ఈ కొత్తరకం మంచిదేనా?"

"మంచిదే. ట్యాంకులో పెట్రోలు పోసి నెలల తరబడి మూల పడేసేవాడికి ఇంకా మంచిది. తొందరగా బిరుసెక్కదు. నీలాగా వారం వారం వాడేవాడికి మామూలుదైనా వస్తుంది. నాది ఎనిమిదేళ్ళు రాలేదూ? అయినా జల్లెడ దులపకుండా ఏది వేసినా ఒకటే."

రంపం ఒక్క లాగుకే అందుకుంది. కొత్త బిళ్ళ మహిమా, దులిపిన జల్లెడ మహిమా? ఆ తరవాతి వారం బావమరిది దగ్గర బిళ్ళలు కొన్నవాళ్ళలో మిషన్ ఉన్న నలుగురూ బిగించడానికి ఈ ముసలాయన దగ్గరికే వచ్చారు. ఆయన నాలుగు జల్లెడలూ దులిపాడు. నాలుగు మిషన్లూ ఒక్క లాగుకే లేచాయి. నలుగురూ బావమరిదిని మెచ్చుకున్నారు. కాబట్టి నా సందేహం నాకు అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం మాత్రం ముసలాయన రంపాన్ని పక్కన పెట్టి, గుడ్డను పెట్రోలులో ముంచి, స్టూలెక్కి గోడ మీది "పది నిమిషాలు" తుడిచాడు.

ఒక్క తుడుపుకి పోలేదు. మూడు పట్టాయి.